మక్బూల్ వరస

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా చిన్న మక్బూల్ ఎవరితోనూ మాట్లాడలేదు. క్లారినెట్ పీక నోట్లో పెట్టుకొని తడుపుతున్నాడు. పీక ఎండితే స్వరం కీచుమంటుంది. బస్సులో ఎవరు పలకరించినా తల ఊపి ఊరుకున్నాడు. ఎర్రకోటు భుజాల మీద నుంచి జారుతోంది. అది బ్యాండు మేళం వాళ్లది, ఎవరో భారీ మనిషికి కుట్టింది. పొడుగైన చేతులను లోపలికి మడిచి, కుట్టు కనిపించకుండా సూదితో పట్టించింది అతని భార్య మైమూన్.

మామూలు రోజుల్లో అతను దూది ఏకి పరుపులు కుడతాడు. పెండ్లిళ్లు వచ్చినప్పుడు అబ్దుల్ సలాం బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. దూది దుమ్ముకు ఛాతీలో పిల్లికూతలు పట్టుకున్నాయి. వాయించేటప్పుడు మాత్రం అవి ఎక్కడికి పోతాయో అతనికీ తెలియదు.

'చిన్న' అనే మాట వయసును బట్టి వచ్చింది కాదు. వయసులో అతనే పెద్ద. జమ్మలమడుగులో కుస్తీలు పట్టే మక్బూల్ ఒకడున్నాడు. గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు, అంత మనిషి. అతను పెద్ద మక్బూల్ కాబట్టి ఇతను చిన్న మక్బూల్ అయ్యాడు. మక్బూల్ వచ్చాడంటే జనం వీధిలోకి పరుగెత్తుకొచ్చేవారు. ఇతన్ని చూసి, "ఓ, నువ్వా అప్పా" అని తిరిగిపోయేవారు. ఒకసారి మైదుకూరులో ఒక ముసలమ్మ, పహిల్వాన్ చేత తల నిమిరిద్దామని చంటిబిడ్డను ఎత్తుకొచ్చింది. ఆమె మొహం వాడిపోవడం చూసి ఇతనే తన చేతులు వెనక దాచుకున్నాడు.

ఆ పేరంటే అతనికి చాలాకాలం కోపంగా ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది, పులివెందులలో ఆ కోపం పోయింది. పెద్ద మక్బూల్ ఆ రోజు బళ్లారి మల్లుణ్ని పడగొట్టాడు. అతన్ని ఊరేగించిన మెరవణిలో ముందు నడుస్తూ చిన్న మక్బూల్, ఎవరూ నేర్పని వరస ఒకటి అప్పటికప్పుడు అందుకున్నాడు. జనం భుజాల మీదున్న పహిల్వాన్ కిందికి దిగాడు. వరస అయ్యేదాకా కదలకుండా విన్నాడు. ఒంటినిండా మట్టితోనే వచ్చి ఇతన్ని ఎత్తి తన భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు.

"నా పేరు పెట్టుకొని ఇంత బాగా వాయిస్తాండావే! ఈపొద్దు నుంచి నువ్వు నా హమ్‌నామ్‌వప్పా!" అన్నాడు. ఒకే పేరువాడివని.

వీధి పొడుగునా చిన్న మక్బూల్ ఆ భుజం మీద కూర్చొనే వాయించాడు. ఊళ్లు అంత ఎత్తునుంచి ఎలా కనిపిస్తాయో అతను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత పహిల్వాన్ గెలిచిన ప్రతిచోటా అదే వరస. జనం దానికి మక్బూల్ వరస అని పేరు పెట్టారు. పహిల్వాన్ పేరే పెట్టామనుకున్నారు. ఇతను కాదనలేదు.

రాజధాని హైదరాబాదుకు పోయిన మరుసటేడు, అదే పులివెందులలో పహిల్వాన్ కుస్తీలో పడ్డాడు. నడుము దెబ్బతింది. మంచం పట్టాడు. జ్వరం వదల్లేదు.

ఇప్పుడు జమ్మలమడుగులో బస్సు దిగి, పెండ్లి ఇంట్లో పంక్తులు లేవకముందే చిన్న మక్బూల్ అతన్ని చూడ్డానికి పోయాడు. పహిల్వాన్ భార్య దిల్షాద్‌బీ తలుపు తీసి పక్కకు తప్పుకొంది. మంచం మీద ఎముకల గూడు. కుస్తీల్లో నలిగి ముడుచుకుపోయిన చెవులు మాత్రం మునుపటివే. వాటిని బట్టి గుర్తుపట్టాల్సి వచ్చింది.

"వచ్చినావా హమ్‌నామ్? ఎవురిదప్పా పెండ్లి?"

"పత్తి షావుకారు కొడుకుది."

"మెరవణి మా వీధిన పోతాదా?"

"పోతాది."

"మన వరస వాయించు. పండుకొనే వింటా." కొంచెం ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఎవురికి తెలుసు, లేసి కూసుంటానేమో!"

చిన్న మక్బూల్ నవ్వబోయాడు. దిల్షాద్‌బీ మొహం చూసి మానుకున్నాడు.

ఎండ చల్లబడ్డాక మెరవణి బయల్దేరింది. మలుపు దగ్గర అతను సంగతి చెప్పగానే అబ్దుల్ సలాం తల అడ్డంగా ఊపాడు.

"అది గెలుపు వరసప్పా. పెండ్లోళ్లు ఊరుకోరు. మళ్ల మనల్ని పిలుచ్చారా?"

"కావాలంటే రేపట్నుంచి నన్ను మేళంలోంచి తీసెయ్ అన్నా. ఈ ఒక్కటీ వాయిస్తా."

పహిల్వాన్ ఇంటి తలుపు మూసి ఉంది. చిన్న మక్బూల్ మెరవణికి వీపు తిప్పి, తలుపుకు ఎదురుగా నిలబడి అందుకున్నాడు. కాసేపటికి డోలు కూడా కలిసింది. ఎవరు కలిపారో అతను చూడలేదు. పెండ్లి పెద్ద ఒకాయన "ముందరికి నడవండప్పా, ఈడ నిలబడినారేంది!" అని అరుస్తున్నాడు. తలుపు తెరుచుకోలేదు. వింటున్నాడులే అనుకొని, చివరి స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపూ పట్టి నిలిపాడు.

మెరవణి విడిదికి చేరగానే వెనక్కి పరుగెత్తాడు. ఈసారి తలుపు తెరిచే ఉంది. పహిల్వాన్ గడ్డానికి తెల్లగుడ్డ కట్టి ఉంది.

"ఎప్పుడు భాబీ?"

"మేళం మలుపు తిరగకముందే." దిల్షాద్‌బీ గొంతు బొంగురుగా ఉంది. "నేను ఏడిస్తే పెండ్లి మెరవణి ఆగిపోతాది గదా భయ్యా. పాపం, ఎవురి బిడ్డో. కొంగు నోట్లో కుక్కుకొని కూసున్యా."

అతను ఆ నలిగిన చెవుల వైపు చూశాడు. ఆమే చెప్పింది.

"ఆయప్ప వినలేదు. నేను విన్న్యా. చెయ్యి పట్టుకొని, మొత్తం విన్న్యా."

చిన్న మక్బూల్ మంచం పక్కన కూర్చొని క్లారినెట్ పీక విప్పసాగాడు. ఛాతీలో పిల్లికూతలు ఒక్కసారిగా మొదలయ్యాయి. బయట వీధిలో ఎవరో కేకవేశారు, "మక్బూల్ చచ్చిపోయినాడంట!" అతను ఉలిక్కిపడి తలెత్తాడు.

కొంతసేపటికి వాకిలి జనంతో నిండింది. స్నానం చేయించే బల్ల వేయడానికి చోటు కావాలి. వాకిలి మధ్యలో, మంచం పట్టకముందు పహిల్వాన్ రోజూ ఎత్తిన రాతిగుండు ఉంది. చిన్న మక్బూల్ ఎర్రకోటు విప్పేసి మిగతావాళ్లతో కలిసి చెయ్యి వేశాడు. అందరూ తోశారు. కదల్లేదు. బల్లను పక్కన వేసుకున్నారు.

రెండు అరచేతులు ఆని ఆని నున్నబడిన చోట్లు ఆ గుండు మీద మసక వెలుతురులోనూ మెరుస్తున్నాయి.