పాతదే తీసుకో పాపా

నాగమణి ఆధార్ కార్డును కిటికీ వైపు తిప్పి వెలుతురులో చూసింది. ఫోటోలోని మనిషికి నిండు బుగ్గలు. సీట్లో కూర్చున్న మనిషికి దవడలు లోపలికి పోయి ఉన్నాయి.

"ఇది నీదేనామా?"

"నాదే మేడం. జరమొచ్చి చిక్కిపోయినా."

"ఏ సంవత్సరంలో పుట్టినావ్?"

ఆమె నీళ్లు నమిలింది. పుట్టిన సంవత్సరం చెప్పలేని ఆడవాళ్లు ఆ బస్సులో చాలామందే ఉంటారని నాగమణికి తెలుసు. అయినా అడగకుండా ఉండలేదు. కార్డునూ ముఖాన్నీ మార్చి మార్చి చూసి, చివరికి మిషను నొక్కి ఆడవాళ్లకిచ్చే సున్నా రూపాయల ఉచిత టికెట్ చింపి ఇచ్చింది. రెండు సీట్లు దాటాక మళ్లీ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే ఆ పల్లెవెలుగు బస్సు అయ్యలూరు మెట్ట దాటింది. ఎడమవైపు నల్లమల కొండల మీది నుంచి ఎండ ఏటవాలుగా లోపలికి పడుతోంది. నాగమణి సీటు కమ్మీకి నడుము ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. బ్యాగు మోసీ మోసీ ఆమె కుడి భుజం కొంచెం కిందికి వాలిపోయింది. చీర మీద ఖాకీ చొక్కా, చంకల దగ్గర వెలిసిపోయింది. మొగుడు డిపోలో మెకానిక్కుగా పనిచేస్తూ చనిపోయాడు. ఆయన పేరు మీద వచ్చిన ఉద్యోగం ఇది. ఆయన దినాలైనా కాకముందే బావలు ఇంటి భాగాల మాట ఎత్తారు. అంతకుముందు రోజు ఆమెను పట్టుకుని అందరికంటే గట్టిగా ఏడ్చింది వాళ్లే. అప్పటి నుంచి ఎవరైనా మంచి మాట చెబితే, దాని వెనక ఏముందోనని చూడటం ఆమెకు అలవాటైపోయింది. కూతురు మానస కర్నూలులో నర్సింగు చదువుతోంది. ఆ పిల్ల ఫోన్ చేసి "బాగున్నావామా?" అన్నా నాగమణి వెంటనే "ఏం కావాల?" అంటుంది.

ఇప్పుడు ఆమె చూపు డ్రైవరు కొండయ్య వీపు మీద ఉంది.

కొండయ్యది భారీ శరీరం, నెరిసిన మీసం. అవసరం లేనిదే హారన్ కొట్టడు. రిటైర్‌మెంటు దగ్గరపడింది. నాగమణికి కారు నడపడం నేర్పింది ఆయనే. తమ్ముడి పాత కారు తెచ్చి, ఆదివారాలు ఖాళీ లేఅవుట్లో తిప్పించి, లైసెన్సు వచ్చేదాకా విడిచిపెట్టలేదు. అదీ ఆమెకు అనుమానమే. ఊరికే ఎవరైనా నేర్పుతారా?

కారు కొనాలన్న కోరిక మాత్రం ఆమెది. ఇన్నేళ్లూ అదే రోడ్డు మీద తిరిగినా, ఆ రోడ్డును ఎదురుగా కూర్చుని చూసింది లేదు. కండక్టరుకు కనిపించేవి ముఖాలు, చేతులు, చిల్లర. ఒకసారి శిరివెళ్ల మెట్ట దగ్గర ఒక చిన్న కారు బస్సును దాటిపోయింది. చూడ్డానికి అందరి ఇళ్లముందూ ఉండే కారే. కానీ లోపల పెద్ద కార్ల ఇంజను. గుర్రుమని ఒక శబ్దం చేసి, కళ్లముందే చుక్కంత అయిపోయింది. నడుపుతున్నది ఒక ఆడమనిషి. ఆ మోడలు కారే కావాలని ఆ రోజే నాగమణి మనసులో పడింది. కొత్తది కొనే స్తోమత లేదు. వాడిన బండ్లలో రెండు దొరికాయి. పాత తరంది నంద్యాలలో, దాని తరవాత వచ్చిన తరంది ఆళ్లగడ్డలో.

నంద్యాలది ఈ పొద్దున డ్యూటీ ఎక్కేముందే కొండయ్యతో పోయి చూసింది. బొమ్మలసత్రంలో పాత కార్లు అమ్మే అల్తాఫ్ దగ్గర ఉంది. ఎర్ర కారు. గేరు చేత్తో మార్చేది, స్టీరింగు బరువుగా ఉంది, తలుపు వేస్తే బీరువా మూసినట్టు శబ్దం వచ్చింది. అల్తాఫ్ అడగకముందే టీ తెప్పించాడు. బేరం మొదలుకాకముందే ధర తగ్గించాడు. ఎవరైనా అలా చేస్తారా?

"పాతదే తీసుకో పాపా," అన్నాడు కొండయ్య. "గేరు చేతిలో ఉంటే బండి మన మాట వింటాది."

"నువ్వు దీన్ని ఇంతకుముందు చూసినావా అన్నా?"

"యాడ చూస్తా? ఎవురో చెప్తే విన్నా."

అని ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. సీటు ఆయనకు అతికినట్టు సరిపోయింది. అంత భారీ మనిషి, సీటు కింది మీట తాకలేదు, అద్దం తిప్పుకోలేదు. కాళ్లు నేరుగా పెడల్స్ మీదికి పోయాయి. నాగమణి అది చూసింది.

కమీషన్ తింటున్నాడు. ఇంకేముంది?

శిరివెళ్లలో కొండయ్య సోడా తెప్పించుకుని తాగాడు. గుండెల మీద చేత్తో రాసుకుంటూ "గ్యాసు" అన్నాడు. నుదుట చెమట పట్టింది. ఆళ్లగడ్డ బండిని చూడటానికి తనతో రాకుండా ఉండటానికి ఇప్పటినుంచే సాకు తయారు చేస్తున్నాడని నాగమణి అనుకుంది. అనుకున్నట్టే, ఆళ్లగడ్డ బస్టాండులో జనం దిగిపోయాక ఆయన సీట్లోంచి మెల్లగా లేచి, "నువ్వు పోయి చూసుకోని రా పాపా. నేను కొంచేపు నడుం వాలుస్తా," అన్నాడు.

"సరే పండుకో. ఫోన్లు గీన్లు వస్తాయేమో, మాట్లాడుకో," అంది.

ఆయన ఆ మాట పట్టించుకోలేదు.

ఆళ్లగడ్డ కారు యజమాని అజయ్ కుమార్ విగ్రహాలు చెక్కే షెడ్డు పక్కన ఉంటాడు. లోపల రాతి మీద మిషను కీచుమంటోంది. సగం చెక్కిన ఆంజనేయుడి ముందు తెల్ల కారు నిలబడి ఉంది. దాని మీద సన్నగా రాతిపొడి. అజయ్ కుమార్ గుడ్డతో తుడుస్తూనే కారు గొప్పలు చెప్పాడు. గేర్లు అవే పడతాయి. పైన అద్దం తెరుచుకుంటుంది. టీవీ అంత స్క్రీను. ఒక మీట నొక్కాడు. కారు పులిలా గుర్రుమంది.

నాగమణి తల వంచి, తలుపులో ఉన్న స్పీకరుకు చెవి ఆనించింది.

"శబ్దం ఈడ నుంచి వస్తాంది."

"అవునక్కా. ఇంజను శబ్దాన్నే పెద్దగా చేసి వినిపిస్తాది."

"ఇంజనుకు నోరు లేదా?"

అయినా నడిపి చూసింది. బత్తలూరు వైపు కొంతదూరం పోయి వచ్చింది. బండి వెన్నలా పోయింది, కాలు ఆనించీ ఆనించకముందే ఎగిరింది. వంక పెట్టడానికి ఏమీ దొరక్కపోవడం ఆమెకు నచ్చలేదు.

"ఎందుకు అమ్ముతాండావ్?"

"బెంగుళూరు పోతాన్నా. ఆడ బండి పెట్టుకోను చోటు లేదు."

కొంచెం దూరం పోయాక మళ్లీ అడిగింది. పెద్దది కొంటానన్నాడు. దిగేటప్పుడు మూడోసారి అడిగింది. అజయ్ కుమార్ గుడ్డను మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టాడు.

"భయమక్కా. కాలు పెడితే సాలు, ఎగురుతాది. మా ఆడామె జెస్సీ ఒక్కసారి ఎక్కింది, మళ్లా ఎక్కలేదు. ఈ మాట బయట చెప్పలేక ఏదో ఒకటి చెప్తాన్నా."

ఆ మాట నాగమణి నమ్మింది. సిగ్గుపడుతూ చెప్పాడు కాబట్టి నమ్మింది. నమ్మాక కొండయ్య మీద కోపం ఇంకా పెరిగింది. బండిలో లోపం లేదు, ఆయన పాతదే పాతదే అంటున్నాడంటే దానికి కారణం ఉండాలి. షెడ్డు నీడలో నిలబడి అల్తాఫ్‌కు ఫోన్ చేసింది.

"నిజం చెప్పు అల్తాఫ్. కొండన్నకు ఎంత ఇస్తానన్నావ్?"

"ఏందక్కా ఇది?"

"సీటు ఆయన కాళ్లకు సరిగ్గా జరిపి ఉండాది. ఎన్నిసార్లు వచ్చినాడు నీ దగ్గరికి?"

అల్తాఫ్ గొంతు తగ్గించాడు.

"చెప్పొద్దన్నాడక్కా."

"చెప్పకుంటే నాకు నీ బండే వద్దు."

"నాకు రూపాయి అడగలేదక్కా ఆయప్ప. అల్లా సాక్షి. డ్యూటీ దిగి వస్తాడు, దాంట్లో కూచుంటాడు. తాళం కూడా అడగడు. ఇంజను ఆపిన బండిలో గేర్లు మార్చుకుంటా కూచుంటాడు. ఈ ఎండాకాలం అంతా అదే పని. నువ్వే కొనుక్కో అన్నా అంటే, ఈ వయసులో ఈ సోకేందని ఇంట్లో నవ్వుతార్రా అన్నాడు. మొన్న ఎవురో వయసు పిలగాళ్లు వచ్చి అడిగినారు. వాళ్లకు ఇయ్యొద్దు, రేసులకు తిప్పి పాడుజేస్తారు, మా కండక్టరమ్మ తీసుకుంటాది అన్నాడు. ఆయమ్మ తీసుకుంటే అప్పుడప్పుడన్నా ఒక రౌండు నడపనిస్తాది అన్నాడు. అంతే అక్కా."

నాగమణి ఫోన్ పెట్టేసి అక్కడే నిలబడింది. చెప్పినదాంట్లో అబద్ధం కోసం వెతికింది. దొరకలేదు. స్వార్థం ఉందన్న తన అనుమానం నిజమే. ఆ స్వార్థం ఇదని తేలేసరికి ఏం చేయాలో తోచలేదు. ముందు ఒళ్లు మండింది. నోరు తెరిచి అడిగితే ఏం పోయేది? తరవాత ఇంజను ఆపిన కారులో ఆ భారీ మనిషి ఒక్కడే కూర్చుని గేర్లు మార్చుకోవడం కళ్లకు కట్టింది. ఆమెకు నవ్వొచ్చింది. చాలాకాలం తరవాత వచ్చిన నవ్వు, చేత్తో నోరు మూసుకుంది.

"ఏమంటావక్కా?" అన్నాడు అజయ్ కుమార్.

"బండి మంచిదేనప్పా. నాకు కాదు."

బస్టాండుకు నడుస్తూ చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. ఆదివారం బండి తెచ్చుకోవాలి. మొదట తను కాదు, ఆయనే నడపాలి. తను పక్క సీట్లో కూర్చుని రోడ్డును ఎదురుగా చూస్తుంది. అంతకుముందు మాత్రం నాలుగు మాటలు అని, బాగా సిగ్గుపడేటట్టు చేయాలి.

బస్సులో అప్పటికే కొందరు ఎక్కి కూర్చున్నారు. డ్రైవరు వెనక సీట్లో కొండయ్య కిటికీవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కుళాయి దగ్గర ముఖం కడుక్కుని వచ్చినట్టున్నాడు. టవలు పిండి, మెలిక విప్పకుండానే డ్రైవరు పక్కనున్న ఇంజను బానెట్ మీద వేశాడు. దాని అంచు నుంచి ఇంకా నీళ్లు బొట్లుబొట్లుగా రాలుతున్నాయి.

"నిద్ర నటించింది సాలు లే అన్నా. అల్తాఫ్ అంతా చెప్పినాడు."

ఆయన కదలలేదు.

"సిగ్గుపడి అట్ల తిరిగి పండుకుంటే ఇడ్సిపెడతా అనుకుంటాండావా?"

వెనక సీట్లోని ముసలాయన టైమైందని గొణిగాడు. నాగమణి కొండయ్య కాలు పట్టుకుని కదిపింది. కాలు కదిపినంత కదిలి ఆగిపోయింది.

అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు ఎక్కువసేపు చూడలేదు, ముఖం మీద గుడ్డ కప్పమన్నాడు. కొండయ్య భార్య సుంకమ్మకు డిపో వాళ్లు కబురు చేశారు. నంద్యాల నుంచి ఆమె వచ్చేదాకా నాగమణి ఆసుపత్రి వరండాలో నిలబడే ఉంది, ఎవరు కుర్చీ చూపించినా కూర్చోలేదు. సాయంత్రం ఆళ్లగడ్డ డిపో నుంచి వేరే డ్రైవరును ఇచ్చి బస్సును నంద్యాలకు పంపారు. ఆమె టికెట్లు కొట్టింది. చిల్లర ఇచ్చింది. ఎవరో ఏదో అడిగితే జవాబు చెప్పింది.

బత్తలూరు దాటాక ఫోన్ మోగింది. అల్తాఫ్.

"అక్కా, ఆ పిలగాళ్లు మళ్లా వచ్చినారు. దుడ్లు చేతిలో పెట్టుకోని నిలబడినారు. ఏం చెప్పేది?"

"ఇయ్యొద్దు. ఆ బండి నాది."

"సరే అక్కా. కొండన్నతో నేను చెప్పినట్టు అనొద్దక్కా. తిడతాడు."

నాగమణి కమ్మీ పట్టుకుని, మొదటిసారిగా ముఖాన్ని బస్సు ముందరి అద్దం వైపు తిప్పి నిలబడింది. రోడ్డు నల్లగా, తిన్నగా బస్సు కిందికి వస్తోంది.

"అననులే," అంది.

నంద్యాల బస్టాండులో అందరూ దిగిపోయారు. కొత్త డ్రైవరు తన సంచి తీసుకుని దిగుతూ, బానెట్ మీదున్నది ఎవరిదని అడిగి, జవాబు కోసం ఆగకుండా పోయాడు. టవలు ఇంజను వేడికి ఎప్పుడో ఆరిపోయి, పిండినప్పటి మెలికలు మెలికలుగానే బిరుసెక్కి ఉంది.