నోవహు వానంటే ఎండే

నోవహు గారికి ఆ పేరు పెట్టిన రోజున వాళ్ళ నాన్న బాపట్లలో బడిపంతులు. పిల్లవాడు పెద్దయి వాతావరణ శాఖలో చేరతాడని ఆయనకేం తెలుసు? తెలిసుంటే ఏ లూకా అనో, దేవానందం అనో పెట్టి ఊరుకునేవాడు. కొడుకు సికింద్రాబాద్ వచ్చి స్థిరపడ్డాక సీతాఫల్‌మండి జనం ఆ పేరుని పట్టుకుని వదల్లేదు. ఎదురుపడితే చాలు, "ఓడ ఎంతదాకా వచ్చింది సార్?" అని పలకరించేవాళ్ళు. పరిశుద్ధ గ్రంథంలో జలప్రళయం వస్తుందని ముందే చెప్పిన ఆ పేరుగల పెద్దాయన మాటా ఎవరూ నమ్మలేదు గానీ, ఆయనకు కనీసం ఓ ఓడ ఉంది. మన నోవహు గారికి ఉన్నదల్లా ఓ నల్లబోర్డు.

ఆ బోర్డు ఆయన ఆఫీసు గుమ్మం పక్కన వేలాడేది. ఆఫీసంటే అద్దెకు తీసుకున్న రెండు గదులు, గాలి ఒత్తిడి చూసే పాదరసపు గొట్టం, డాబా మీద వాన కొలిచే డబ్బా, ఒక ఫోను. మనుషులెవరంటే నోవహు గారొక్కరే. రోజూ పొద్దున్నే ఆ రోజు వాన పడుతుందో లేదో సుద్దముక్కతో బోర్డు మీద రాయడం ఆయన ఉద్యోగం. 'వర్షం పడును' అని రాస్తే చాలు, ఆడవాళ్ళు మిరపకాయలూ అప్పడాలూ డాబాలెక్కించేవాళ్ళు. 'వర్షం లేదు' అని రాస్తే పిల్లలకు రెయిన్‌కోట్లు తొడిగి బడికి పంపేవాళ్ళు. పెళ్ళికి షామియానా వేసేవాళ్ళు ముందు ఆ బోర్డు చూసి, దానికి సరిగ్గా ఎదురు చేసేవాళ్ళు. వాళ్ళకు ఆయన మీద కోపమేమీ లేదు. రోజూ గంట వెనక నడిచే గడియారం ఇంట్లో ఉంటే, అలవాటైపోయాక అదీ మంచి గడియారమే.

తప్పు పూర్తిగా ఆయనదని అనలేం. పెద్దాఫీసు వాళ్ళు రాడార్ బొమ్మ పంపేవాళ్ళు, ఈయన దాన్ని చూసి రాసేవారు. ఆ బొమ్మలో సికింద్రాబాద్ మొత్తం కందిగింజంత ఉంటుంది, అందులో సీతాఫల్‌మండి ఎక్కడని వెతుకుతాం? మబ్బు అవతలి కార్ఖానా పేట మీద కురిసి, ఇక్కడికి ఉరుము మాత్రం పంపి వెళ్ళిపోయేది. "ఓసారి తలెత్తి చూడరాదూ" అని భార్య కాంతమణి అంటే, "ఆకాశం చూడ్డానికి నాకు జీతమివ్వరు, రాడార్ చూడ్డానికిస్తారు" అనేవారు నోవహు గారు.

రాష్ట్రం ఇంకా రెండు కాని రోజులవి. ఆ ఏడాది వానాకాలం మధ్యలో రాడార్ కాస్తా ఆగిపోయింది. లోపల ఏదో కాలిందట, ఆ సామాను విదేశం నుంచి రావాలట. అది ఎప్పుడొస్తుందో తెలియదు గానీ, పెద్దాఫీసు నుంచి ఫోను మాత్రం వెంటనే వచ్చింది. రాడార్ ఉన్నన్నాళ్ళూ మీ చిన్నాఫీసు ఎందుకో మాకు అర్థం కాలేదు, ఇప్పుడు రాడార్ లేదు కాబట్టి మీ సొంత సరుకెంతో చూస్తాం అన్నారు. సోమవారం ధర్మరాజు గారనే అధికారి వస్తారు. ఆదివారం బోర్డు మీద రాసినదీ ఆకాశం చేసినదీ పక్కపక్కన పెట్టి చూస్తారు. సరిపోతే ఆఫీసు ఉంటుంది, లేకపోతే తాళం వేసి నోవహు గారిని పెద్దాఫీసులో ఓ మూల కూర్చోబెడతారు.

నోవహు గారికి గుండెల్లో రాయి పడింది. ఎగతాళి చేస్తే చేశారు గానీ, రోజూ ఆ బోర్డు వంక చూసి నవ్వుకుంటూ వెళ్ళే జనం లేకుండా ఆయనకు పొద్దు గడవదు. పెద్దాఫీసులో ఆయన్ని చూసి నవ్వేవాళ్ళు కూడా ఉండరు.

చూసి రాయడానికి బొమ్మ లేకపోయేసరికి ఆయన ఇన్నేళ్ళలో ఎన్నడూ చేయని పని చేశారు. ఆదివారం తెల్లవారగానే సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్ళి, పైవంతెన మీద నిలబడి వచ్చే రైళ్ళను చూశారు. కాజీపేట వైపు నుంచి వచ్చినవి దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. వికారాబాద్ వైపు నుంచి వచ్చిన రైలు చెరువులోంచి లేచొచ్చిన గేదెలా నీళ్ళు కారుస్తూ ఆగింది. ఆయన గబగబా దిగి గార్డుని పట్టుకుంటే, "వాన గాదు సార్, మొగులే పలిగింది. గాలి గిటే కొడుతుంది" అన్నాడు. ఆఫీసుకొచ్చి చూస్తే గొట్టంలో పాదరసం దిగిపోతోంది. సాయంత్రానికి కుండపోత ఖాయం. జన్మలో మొదటిసారి ఆయనకు సందేహం లేదు.

పట్టలేని ఉత్సాహంతో ఇంటికి పరుగెత్తారు. "కాంతం, సాయంత్రం కుండపోత వాన. రాసిపెట్టుకో."

"నిజంగానా అండీ?"

"నా కళ్ళతో చూశాను. తిరుగులేదు."

కాంతమణి వెంటనే బీరువా తెరిచి ధర్మవరం పట్టుచీర బయటికి తీసింది. ఆ సాయంత్రం వాళ్ళ చర్చికి వందేళ్ళ పండుగ. మురుగునీటి నాలా పక్కనున్న చర్చి మైదానంలో ప్రేమవిందు, వెయ్యిమందికి భోజనాలు. కొత్త చీర కట్టనా వద్దా అని వారం నుంచి ఆవిడ తర్జనభర్జన పడుతోంది. ఇప్పుడా దిగులు తీరిపోయింది. నోవహు గారు చీర వంక చూడనైనా చూడకుండా ఆఫీసుకు వెళ్ళి, బోర్డు మీద ఇంతింత అక్షరాలతో 'సాయంత్రం అతి భారీ వర్షం' అని రాశారు.

రాసి వెనక్కి తిరిగేసరికి సుబ్బులు నిలబడి ఉంది. నాలా ఒడ్డు గుడిసెల్లో ఉంటూ, ఆఫీసెదురుగా ఇడ్లీబండి నడుపుతుంది. బోర్డు చదివి గుండెల మీద చెయ్యేసుకుంది.

"బచాయించినవ్ సార్! మబ్బు జూసి పరేషాన్ అయిన. పిలగాండ్లను తీస్కొని చర్చి బడి మీది హాలుకు పోదామా అనుకున్న. ఇగ ఫికర్ లేదు."

"సుబ్బులూ, నిజంగా పడుతుంది. ఒట్టు. నువ్వు వెళ్ళు, అందరినీ తీసుకుని వెళ్ళు."

"పొద్దుగాల్నే మజాక్ జెయ్యకు సార్," అని నవ్వుతూ ఆవిడ పరుపులు గుడిసెల ముందు ఎండబెట్టించడానికి వెళ్ళిపోయింది.

నోవహు గారు కుర్చీలో కూలబడ్డారు. ఇన్నేళ్ళూ తప్పు చెప్పి ఎవరినీ ముంచలేదు. ఒక్కరోజు నిజం చెప్పినందుకు నాలా ఒడ్డు మొత్తం మునిగేలా ఉంది. మైదానంలో వెయ్యిమంది, గుడిసెల్లో పిల్లలు. అటు చూస్తే రేపు ధర్మరాజు గారు. బోర్డు మీది మాట అలాగే ఉంచితే ఆఫీసు దక్కుతుంది. ఆయన చాలాసేపు ఆ అక్షరాల వంక చూశారు, అంత అందంగా ఎన్నడూ రాయలేదనిపించింది. తర్వాత తడిగుడ్డ తీసుకుని తుడిచేసి, 'వర్షం లేదు. ఆకాశం నిర్మలం' అని రాశారు.

వీధిలో కదలిక మొదలైంది. ఎవరో బట్టలు లోపలికి లాగారు, ఎవరో పిల్లల్ని కేకేశారు. హమ్మయ్య అనుకునేలోపు ఫోను మోగింది. చర్చి సంఘం సెక్రటరీ రిచర్డ్, రైల్వేలో గుమాస్తా.

"అంకుల్, కన్ఫ్యూజన్‌గా ఉంది. మీరు ఇంట్లో వానన్నారని ఆంటీ చెప్పి టార్పాలిన్లు తీయించేశారు. ఇప్పుడేమో మీ బోర్డు మీద వాన లేదంటున్నారు. మేం దేనికి ఉల్టా చేయాలి?"

ఇంటి సంగతి నోవహు గారు మర్చేపోయారు! లోకానికంతా అబద్ధం చెప్పి ఇంట్లో మాత్రం నిజం చెప్పి వచ్చిన భర్త ఆ పేటలో ఆయనొక్కరే అయ్యుంటారు. "వాన లేదు రిచర్డ్, బోర్డే కరెక్టు" అన్నారు.

"ఆంటీ ఒప్పుకోవట్లేదంకుల్. మనసులో ఉన్నది ఇంట్లోనే చెబుతారంట."

ఇక మాటలతో అయ్యే పని కాదు. నోవహు గారు పెళ్ళిళ్ళకు మాత్రమే వేసే తెల్లబట్టలు వేసుకుని, గొడుగు గోడకే వదిలేసి మైదానానికి నడిచారు. చర్చి మెట్ల మీద నిలబడి, పెద్దలందరూ వింటుండగా, "దేవుని తోడు, ఇవాళ చుక్క పడదు" అన్నారు. బోర్డు మీద ఒకటి, ఫోనులో ఒకటి, ఇది మూడోది. గురువెవరో తనకు తెలియదని శిష్యుడు మూడోసారి బొంకగానే కోడి కూసిందని ఆయనకు సండే స్కూల్లోనే నేర్పారు. విందు కోసం తెచ్చి ఇంకా కోయని నాటుకోళ్ళలో ఒకటి గంపలోంచి కూయనే కూసింది.

రిచర్డ్ మాత్రం ఆ తెల్లబట్టలు చూశాడు, గొడుగు లేని చెయ్యి చూశాడు. "అయితే వాన గ్యారంటీ! అంతా బడి మీది హాలుకు షిఫ్ట్ చేయండి" అని అరిచాడు. గుండిగలు, బల్లలు, వెనకే నాలా ఒడ్డు పిల్లలూ ముసలివాళ్ళూ అందరూ మెట్లెక్కారు. కాంతమణి ఒక్కతే పట్టుచీర కుచ్చిళ్ళు సవరించుకుంటూ మైదానం మధ్యలో నిలబడి, "నా మొగుడి సంగతి నాకు తెలీదా?" అంది. ఆ మాట పూర్తవుతుండగానే ఆకాశం విరుచుకుపడింది. చీకటిపడేసరికి నాలా మైదానాన్ని మింగింది, గుడిసెల్లో నడుములోతు నీళ్ళు. పైన హాల్లో జనం ప్రేమవిందు తింటూ, నోవహు మళ్ళీ తప్పాడని చెప్పుకుని చెప్పుకుని నవ్వారు.

ఆ రాత్రి కాంతమణి తడిచీర పిండుకుంటూ అడిగింది: "పొద్దున మీరు నాకు చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"మరి అది నిజమని నాకెందుకు చెప్పలేదండీ?"

ఆయన ఆ చీర రెండో కొస వంక చూస్తూ, బోర్డు ఎందుకు మార్చారో చెప్పారు. ఆవిడ ముందు చీర కోసం ఏడ్చింది, తర్వాత ఆయన కోసం ఏడ్చింది. "ఇకమీదట మీ మాట నమ్ముతానండీ" అంది.

సోమవారం ధర్మరాజు గారు వచ్చి బోర్డు చూశారు, డాబా మీద నిండి పొర్లిన డబ్బా చూశారు.

"నోవహు గారూ, ఇంత పెద్ద వానకు మీకు ఒక్క సూచనైనా కనబడలేదా?"

రైలు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మంలో సుబ్బులు, రిచర్డ్ నిలబడి వింటున్నారు. ఈయనకు నిజం చెప్పడం కూడా వచ్చని తెలిస్తే, రేపటి నుంచి వాళ్ళు ఈ బోర్డుని ఎటునుంచి చదువుకోవాలి? "కనబడలేదండి" అన్నారు నోవహు గారు.

సుబ్బులు ఊరుకోలేదు. "ఆఫీసు మూస్తరంట గద సార్? మూస్తే మేమెట్ల బతకాలె? నిన్న ఈ సార్ బోర్డు జూసే గద పిలగాండ్లను తీస్కొని బడెక్కినం. లేకుంటే నాలాల కొట్టుకపోతుంటిమి."

"బోర్డు మీద వర్షం లేదని కదమ్మా ఉంది?"

"గదే గద సార్!"

ధర్మరాజు గారు రిచర్డ్ వైపు తిరిగారు. "మీకు చదవడం వచ్చు కదా?"

"వచ్చు సార్. అందుకే బతికాం."

ధర్మరాజు గారు మంచినీళ్ళడిగి తాగారు. వెళ్ళేముందు ఆయన తేల్చింది ఇదీ: ఈ ఆఫీసు జోస్యం సున్నా, దీని మీద జనానికున్న నమ్మకం నూటికి నూరు. ఈ రెండూ ఎలా కుదిరాయో అర్థం కాలేదు కనుక, అర్థమయ్యేదాకా ఆఫీసు ఉండాలి.

ఆ వారంలోనే రాడార్ బాగైంది. పొద్దున్నే బొమ్మ వచ్చింది, మచ్చ లేకుండా అద్దంలా ఉంది. నోవహు గారికి ప్రాణం లేచొచ్చింది. రాడార్ ఉండగా స్టేషన్‌కి వెళ్ళి రైళ్ళు చూడటమేమిటి, నామోషీ కాదూ? 'వర్షం లేదు' అని రాసి ఇంటికి ఫోను చేశారు.

"ఎండేనా అండీ?"

"ఎండే. ఈసారి రాడారే చెప్పింది."

కాంతమణి పట్టుచీరను మళ్ళీ మంచినీళ్ళలో జాడించి డాబా మీద ఆరేసింది. వీధిలో మిగతావాళ్ళంతా బోర్డు చదివి తీగల మీది బట్టలు తీసేసుకున్నారు. పేట మొత్తానికి ఆ చీర ఒక్కటే రెపరెపలాడుతోంది. పన్నెండు దాటగానే ఎక్కడినుంచో ఓ మబ్బు వచ్చి, సీతాఫల్‌మండి వరకే కొలిచినట్టు కురిసి పోయింది.

నోవహు గారు పరుగున ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ చీర పట్టుకుని మెట్లు దిగుతోంది. చీరతోపాటు తనూ తడిసింది. తిడుతుందని తల దించుకున్నారు. ఆవిడ తిట్టలేదు. చీర రెండో కొస ఆయన చేతికిచ్చింది, ఇద్దరూ కలిసి పిండారు. వీధిలోంచి సుబ్బులు, "మా బట్టలన్ని సలామత్ సార్, మీ దయ!" అని కేకేసింది.

మొన్న నమ్మక తడిసింది, ఇవాళ నమ్మి తడిసింది. నోవహు గారికి సిగ్గేసింది, ఆ సిగ్గు వెనకే చెప్పుకోలేనంత సంతోషం కూడా వేసింది. ఇన్నేళ్ళ కొలువులో ఆయన మాట నమ్మి తడిసిన మనిషి ఆవిడొక్కతే.