కంచం పట్టేంత కన్నం

పాత జైలు చూద్దామన్నది బావే.

"పొద్దున మ్యూజియం, తర్వాత గడియారం గోపురం, భోంచేశాక జైలు. మా ఊరొచ్చి జైలుకెళ్లకుండా తిరిగెళ్లావంటే నాకు తలవంపులు," అన్నాడు మరదలితో.

ఆమె బట్టలు కుట్టే దుకాణంలో కటింగ్ చేస్తుంది. నాలుగేళ్ల తర్వాత వారం సెలవు దొరికి అక్క ఇంటికి వచ్చింది. మూడు రోజులు అక్కతో కబుర్లకే సరిపోయాయి. నాలుగో రోజు బావ తన దుకాణం మూసి ఇద్దరినీ బయల్దేరదీశాడు. అతను వాచీలు బాగుచేస్తాడు. పొద్దస్తమానం కంటికి భూతద్దం బిగించి, ఊపిరి బిగపట్టి కూర్చునే మనిషి కాబట్టి బయటికొస్తే నోరు ఆగదని అక్క అంటుంది. మరదల్ని ఏడిపించడం పెళ్లయిన రోజు నుంచీ అతను చెలాయిస్తున్న హక్కు.

మ్యూజియంలో ముక్కు విరిగిన రాతి బొమ్మ ముందు నిలబెట్టి, "అచ్చం మీ మేనత్తే," అన్నాడు. గోపురం ఎక్కాక, గడియారం నాలుగు నిమిషాలు వెనకుందని అక్కడి ఉద్యోగితో వాదన పెట్టుకున్నాడు. అక్క అతని చొక్కా పట్టుకుని కిందికి లాక్కొచ్చింది. చెల్లెలు నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది.

జైల్లో ఆ వేళకు వాళ్లు ముగ్గురే. నడివయసు దాటిన గైడ్ వాళ్లను రాతి మెట్ల మీదుగా నేల కిందికి తీసుకెళ్లింది. ఇరుకైన నడవా, దానికి ఒక పక్క ఆరు ఒంటరి కొట్లు. తలుపులు మందపాటి ఇనుప పలకలు. అన్నీ బార్లా తెరిచి, కింద చెక్కముక్కలు దోపి ఉన్నాయి. ప్రతి తలుపుకూ అడుగున, కంచం పట్టేంత కన్నం.

"అన్నం ఇందులోంచే తోసేవాళ్లు. మనిషి ముఖం చూపించేవాళ్లు కాదు. ఈ అయిదో కొట్లో ఒకాయన పదకొండు నెలలున్నాడు," అంది గైడ్. అంతలో పైనుంచి ఎవరో పిలిస్తే, "ఇప్పుడే వస్తాను, ఏమీ ముట్టుకోకండి," అని మెట్లెక్కింది.

"మరదలా, లోపలికెళ్లి నిలబడు. ఫోటో తీస్తాను. మొహంలో కాస్త పశ్చాత్తాపం కనబడాలి," అన్నాడు బావ.

ఆమె చేతిసంచి అక్కకిచ్చి లోపలికి వెళ్లింది. ఫోనూ ఆ సంచిలోనే ఉంది. బావ ఫోటో తీసి, "నేరం రుజువైంది. ఒక్క నిమిషం శిక్ష," అంటూ కాలితో చెక్కను తన్ని తలుపు నెట్టాడు. అది అతననుకున్నంత తేలికైన తలుపు కాదు. కదిలాక ఎవరూ ఆపలేని బరువుతో తనంతట తనే వచ్చి దభీమని మూసుకుంది. ఆ వెంటనే గోడలో ఎక్కడో ఇనుము జారి పడిన చప్పుడయింది.

చీకటి. చెల్లెలు మొదట నవ్వింది.

"సరేలే బావా, మారిపోయాను. తియ్యి."

బయట బావ కూడా నవ్వుతున్నాడు. తలుపు ఒకసారి కదిలింది. మళ్లీ కదిలింది. అప్పుడు అతని నవ్వు ఆగిపోయింది.

"బావా?"

"ఉండు. తీస్తున్నా." ఆ గొంతు అతనిది కాదనిపించింది.

ఆమె రెండు చేతులూ చాపింది. రెండు అరచేతులకూ రెండు గోడలు తగిలాయి, చెమ్మగా, చల్లగా. నేల దగ్గర కన్నంలోంచి సన్నటి వెలుతురు పడుతోంది. మోకాళ్ల మీద కూలబడి, చెంప నేలకానించి, ఆ కన్నానికి నోరు పెట్టి గాలి పీల్చింది. గుండెల్లోకి దిగినట్టే లేదు.

పరుగున మెట్లు దిగుతున్న చప్పుడు. గైడ్ గొంతు: "ఎవరు మూశారు? ఆ గడియకు పిడి లేదయ్యా! ఊడిపోయి పదేళ్లయింది. అది పడితే మళ్లీ పైకి రాదు. అందుకేగా చెక్కలు పెట్టాం!"

కన్నంలోంచి నాలుగు వేళ్లు లోపలికొచ్చాయి. అక్క వేళ్లు. చెల్లెలు వాటిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇక్కడే ఉన్నానే. ఎక్కడికీ పోను."

"అక్కా, గాలి ఆడట్లేదు."

"ఆడుతుంది. నా చేతికి నీ ఊపిరి తగులుతోంది. వదులు, మళ్లీ పీల్చు."

గైడ్ ఆఫీసుకి ఫోన్ చేసింది. అవతలి మాటలు వినపడలేదు కానీ ఈమె మాటలు వినపడ్డాయి. "గోడ ముట్టుకోకూడదా? అయ్యా, లోపల మనిషుంది... అనుమతి ఇవ్వాల్సిన ఆయన ఊళ్లో లేరా? రేపా?"

రేపు. ఆ మాట చెవిన పడగానే చెల్లెలికి ఒళ్లు తెలియలేదు. లేచి పిడికిళ్లతో తలుపు బాదింది. అరిచింది. అరుపు బయటికి పోకుండా తన మీదికే తిరిగొస్తుంటే ఇంకా అరిచింది. వేళ్ల కణుపులు చిట్లి నెత్తురు తడి తెలిసేదాకా ఆగలేదు.

"రేపు కాదే, పిచ్చిదానా! నా మాట విను! కిందికి రా, నా చెయ్యి పట్టుకో!" అక్క కూడా అరుస్తోంది.

ఆమె మళ్లీ కూలబడి ఆ వేళ్లు వెతుక్కుంది.

బావ దగ్గర ఎప్పుడూ చిన్న పనిముట్ల సంచి ఉంటుంది. తలుపు సందులోకి సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి గడియను ఎత్తాలని చూస్తున్నాడు. ఇనుము మీద అది టకటకా కొట్టుకుంటున్న చప్పుడు లోపలికి వినిపిస్తోంది. వెంట్రుకంత స్ప్రింగును కదలకుండా పట్టుకునే చెయ్యి అది. అంతలా వణుకుతోందంటే ఇక నాకు ఆశ లేదనుకుంది ఆమె. టప్పుమని ఏదో విరిగింది.

"లోపలే విరిగిపోయింది," అన్నాడు బావ, చాలా నెమ్మదిగా. ఆ తర్వాత అతను ఏడవడం వినిపించింది. బావ ఏడుపు ఆమె ఎప్పుడూ వినలేదు. చీకటికన్నా దానికే ఎక్కువ భయపడింది.

"లేవండి," అంది గైడ్ అతనితో. "పైన ప్రహరీ బాగుచేస్తున్న మేస్త్రీ ఉన్నాడు, పిలుస్తాను. రాయి మళ్లీ పెట్టించుకోవచ్చు. అడిగిన వాళ్లకి నేను జవాబు చెప్పుకుంటాను."

మేస్త్రీ వచ్చి గోడ తట్టి చూశాడు. కన్నం దగ్గర వంగి, "అమ్మా, గడియ దిగిన చోట రాయి కొట్టేస్తాను. పెళ్లలు లోపలికి పడొచ్చు. నువ్వు తలుపు దగ్గర ఉండకూడదు. వెనక గోడకు ఆనుకుని, తల మీద చేతులు పెట్టుకుని కూర్చో," అన్నాడు.

అంటే ఆ వేళ్లు వదలాలి.

"నా వల్ల కాదు," అంది ఆమె.

"నాలుగడుగులేనే. నేను మాట్లాడుతూనే ఉంటాను."

"అక్కా, వద్దు. ఇలాగే పట్టుకుని ఉంటాను. రాయి పడితే పడనీ."

అక్క ఏడుపు దిగమింగుకుని, తను కొన్న దిండు గలీబులు చూసి పక్కింటావిడ అలాంటివే కొనుక్కుని, ముందు ఆవిడే కొన్నట్టు వీధంతా చెప్పుకొచ్చిన సంగతి మొదలుపెట్టింది. మధ్యలో ఒక్కో వేలూ నెమ్మదిగా విడిపించుకుంది. చెల్లెలు పాకుతూ వెనక్కి జరిగింది. వెలుతురు గీత దూరమైంది. వీపుకు గోడ తగిలింది. ఆనుకోబోతే చేతికింద గరుకుగా గీతలు. నిలువు గీతలు, ఒకదాని పక్కన ఒకటి, తడిమిన కొద్దీ వస్తూనే ఉన్నాయి. ఆ గోడ మీద ఎవరో రోజులు లెక్కపెట్టుకున్నారు. ఆమె చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కుని తల మీద పెట్టుకుంది.

మొదటి సుత్తి దెబ్బకు కొట్టు మొత్తం అదిరింది. దుమ్ము రాలింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య అక్క గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. "...ఆకుపచ్చ అంచువి... వాళ్లాయన కూడా నమ్మాడు..." ఒక రాతి పెళ్ల వచ్చి భుజానికి తగిలింది. గోడ మొత్తం మీద కూలుతుందనుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి నిలువుగా ఒక వెలుతురు చార, అది వెడల్పవుతూ, అందులో దుమ్ముకొట్టుకుపోయిన అక్క ముఖం.

రాత్రయి ఉంటుందనుకున్న ఆమెకు పైన ఇంకా ఎండ కనిపించింది. లోపల ఉన్నది గంటా నలభై నిమిషాలేనట. గైడ్ మంచినీళ్లు తాగించి కణుపులకు గుడ్డ చుట్టింది. బావ మెట్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె అతన్ని దాటుకుని నడిచింది.

మిగిలిన మూడు రోజులూ ఇంట్లోంచి కదల్లేదు. స్నానానికి వెళ్తే తలుపు వేసుకోలేదు, బయట అక్క కాపలా. బావ తలుపు వెయ్యకుండానే గదులు దాటుతున్నాడు, అడిగిన దానికే జవాబిస్తున్నాడు. గైడ్‌ని సంజాయిషీ అడిగారని తెలిసి, తప్పంతా తనదేనని కాగితం రాసిచ్చి వచ్చాడు. ఆ సంగతి అక్క చెబితేనే ఆమెకు తెలిసింది.

వెళ్లే రోజు పొద్దున అతనే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నవ్విద్దామనుకున్నా," అన్నాడు.

"తెలుసు బావా. కానీ నువ్వు నవ్వడం ఆపేశావు చూడు, అక్కడే నా ప్రాణం పోయింది. తలుపు పడ్డప్పుడు కాదు."

అతను తలూపాడు. కోపం లేదని చెబుదామనుకుంది ఆమె. కోపం ఉంది, కాబట్టి చెప్పలేదు.

స్టేషన్లో రైలు పెట్టె తలుపు పక్కనున్న సీటు అడిగి మార్చుకుంది. కిటికీ దగ్గర అక్క ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది. కట్టు విప్పిన కణుపుల మీద పక్కు కట్టింది. బావ రెండడుగుల వెనక నిలబడ్డాడు.

"చేరగానే ఫోన్ చెయ్యి," అన్నాడు.

"చేస్తాను," అంది ఆమె.

రైలు కదిలింది.