కాలికి తెలియని మంచు

నేను ఒక స్కీ చెక్కను. మంచు మీద జారేవాళ్లు కాళ్లకు బిగించుకునే పొడవాటి జతలో ఎడమకాలి దాన్ని. నిజానికి పుట్టుకతో మాకు ఎడమా కుడీ లేవు. దండాసి అనే మనిషి నా ముక్కు మీద ఎర్రరంగు చుక్క పెట్టి నన్ను ఎడమని చేశాడు, అంతే. నా కడుపులో కర్ర, పైన ప్లాస్టిక్కు, రెండంచులకూ ఉక్కు పట్టీ. చలీ నొప్పీ నాకు తెలియవు. బరువు మాత్రం తెలుస్తుంది. నన్నెక్కిన మనిషి ఏ వేలి మీద నిలబడ్డాడో, ధైర్యంగా ఉన్నాడో భయపడుతున్నాడో బరువును బట్టే చెప్పగలను.

ఎక్కడో యూరపులో ఒక కార్ఖానాలో పుట్టాను. నన్ను మొదట కొన్నది ఒక ఢిల్లీ కుర్రాడు. రెండుసార్లు ఎక్కి ఫొటోలు దిగి, మూడోసారి పడి, అమ్మేశాడు. తరవాత హిమాలయాల్లో గఢ్వాల్ కొండల మీది ఒక రిసార్టులో అద్దె చెక్కనయ్యాను. ఎవరు పడితే వాళ్లు ఎక్కారు. కొత్తగా పెళ్లయిన జంటలు, ఆఫీసు బృందాలు, నిలబడటం రాకముందే వీడియో తియ్యమనే పెద్దమనుషులు. కిందపడ్డాక "ఈ చెక్క బాగాలేదు" అనని మనిషిని నేను చూడలేదు. ఆడలేక మద్దెల ఓడు. చివరికి అక్కడ స్కీ నేర్పే దండాసి నన్నూ నా జతనీ తన సొంతానికి పెట్టుకున్నాడు.

దండాసిది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊరు. ఇసకా, జీడితోటలూ చూసి పెరిగినవాడు పట్టాళంలో చేరి, మంచుకొండల మీద డ్యూటీ పడి, అక్కడ ఈ విద్య నేర్చుకున్నాడు. పట్టాళం వదిలాక కూడా కొండ వదల్లేదు. భార్య దమయంతి ఊళ్లోనే ఉండేది. "వొచ్చే ఏడు మంచు సూపిస్తాను" అని ఫోనులో ప్రతి ఏడూ చెప్పేవాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం. అతని పిచ్చి మంచు. నా మీద నిలబడ్డప్పుడు తప్ప ఆ మనిషి పూర్తిగా మనిషిలా ఉండేవాడు కాదు.

కిందటి చలికాలం అతని ఎడమ బూటు చీలింది. కొత్తది వచ్చేలోగా, తడి తగలకూడదని, ఊళ్లో వానల్లో చేసినట్టే కాలికి పాలిథిన్ కవరు చుట్టి పైన మేజోడు వేసుకున్నాడు. వానకు అది బాగానే పనిచేస్తుంది. కానీ మంచులో లోపలి చెమట బయటికి పోయే దారిలేక అక్కడే చల్లబడింది. రోజంతా అలాగే నేర్పాడు. సాయంత్రం విప్పితే వేళ్లు తెల్లగా, మైనంలా ఉన్నాయి. కొన్నాళ్లకు రంగు తిరిగి వచ్చింది గాని స్పర్శ రాలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పాఠాలు చెప్పనివ్వరని భయం.

నాకు మాత్రం మర్నాడే తెలిసింది. మలుపు తిరిగేటప్పుడు బొటనవేలి దగ్గర నుంచి రావలసిన బరువు రాలేదు. గట్టి మంచు మీద అంచు సరిగ్గా దిగకపోతే జారిపోతాం. జారాడు. లేచి నన్ను తిరగేసి చూసి, అంచు మొద్దుబారిందని ఆకురాయితో పదును పెట్టాడు. మర్నాడు మళ్లీ జారాడు, మళ్లీ పదును పెట్టాడు. మొద్దుబారింది నేను కాదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు.

తరవాత వసంతం వచ్చింది, అతని గుట్టు దాచింది. మీరు మంచు అనగానే జనవరి అనుకుంటారు. తెలిసినవాళ్లు మార్చి నెలాఖరు కోసం చూస్తారు. పొద్దున్నే మంచు ఇటికరాయిలా ఉంటుంది. ఎండ కాస్త ఎక్కేసరికి పైపొర కరిగి కల్లుప్పులా గరగరలాడుతుంది. ఆ రెండు మూడు గంటలూ నా కింద మంచు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, తప్పులు క్షమిస్తుంది. మధ్యాహ్నానికి జావైపోతుంది, అప్పుడిక మానెయ్యడమే. జనం ఉండరు. కోట్లు విప్పేసి చొక్కాలతో జారతారు. పక్కన గడ్డి బయటపడుతుంది, ఎర్రటి అడవిపూలు పూస్తాయి, మంచు కింద నీళ్లు పారే చప్పుడు వినిపిస్తుంది. ఆ మెత్తటి మంచులో దండాసి కాలికి తెలియకపోయినా సాగిపోయింది. అతని వెనక వరసగా బడిపిల్లలు దిగేవారు.

ఆ వసంతంలోనే దమయంతి వచ్చింది, సంచి నిండా జీడిపప్పు, ఎండుచేపలతో. మేనరికం కాబట్టి మొగుణ్ణి మావా అంటుంది. మంచు చూసి, "ఓలమ్మ, ఉప్పుమడిలాగున్నాది" అని ముట్టుకుని చెయ్యి దులుపుకుంది. అంతకుమించి ఆశ్చర్యపోలేదు. దండాసి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం అతను గదిలో పాత ఇస్త్రీపెట్టెతో నా అడుగుకు మైనం పట్టించి, ఇనప పొయ్యి దగ్గర కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పొయ్యి మీద ఆమె ఎండుచేపలు కాలుస్తోంది. అతను పట్టాళం కబుర్లు చెప్పి నవ్విస్తున్నాడు. మాడు వాసన వచ్చింది. ఆమె గబుక్కున చేపలు దింపేసింది. వాసన పోలేదు.

"మావా! నీ మేజోడు కాలిపోతన్నాది!"

అతను కిందికి చూశాడు. ఎడమ మేజోడు పొయ్యికి ఆని పొగలు కక్కుతోంది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. ఆమె మేజోడు లాగేసింది. వేళ్ల చివర్లు పొక్కాయి.

"నొప్పెట్టనేదా?"

"ఏటో... కబుర్లలో పడి..."

"కబుర్లలో పడితే కాలు కాలినా తెల్దేటి? సూడు నా కాసి. ఎన్నాళ్ల నుంచి ఇలగ?"

అప్పుడు చెప్పాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఒక్క మాటే అంది. "నీ ఎనకాల పిల్లలు వస్తన్నారు మావా. రేపు పొద్దున్న మీ పెద్దాయనకి నువ్వే సెప్పు. నువ్వు సెప్పకపోతే నేను సెప్తాను."

"సెప్తే నానేటి సెయ్యాలే మరి?"

చేపలు చల్లారిపోయాయి, ఎవరూ తినలేదు.

మర్నాడు పెద్ద శిక్షకుడు నేగీ అంతా విని, అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఇక పాఠాలు లేవన్నాడు. పొక్కులు మానాక, సీజన్ మూసే రోజున, మెత్తటి వాలు మీద ఒంటరిగా ఒక్కసారి దిగమన్నాడు.

ఇప్పుడు నేను రిసార్టు వంటింటి వెనక షెడ్డులో, విరిగిన కుర్చీల మధ్య ఉన్నాను. నా జత మీద ఎవరో చీపుళ్లు ఆరబెట్టారు. దండాసి వెళ్లిపోయాడు, కొత్తవాళ్లకు కొత్త చెక్కలొచ్చాయి. ఇక్కడ తీరుబడి ఎక్కువ. ఆ చివరి రోజే తలుచుకుంటుంటాను.

ఎండ బాగా కాసింది. కల్లుప్పు మంచు సరిగ్గా పక్వానికొచ్చిన వేళ పైనుంచి బయలుదేరాం. అతను ఏ మలుపూ తొందరపడలేదు. ఎడమకాలి లోటును మోకాలితో, నడుముతో సర్దుకుంటూ, వాలు ఈ చివర నుంచి ఆ చివరకు తీరిగ్గా గీతలు గీశాడు. మధ్యలో పెద్దగా కేకేశాడు. అందులో మాటలేమీ లేవు. నాకు ఆనందం వేసింది. చెక్కకు ఆనందమేమిటని అడక్కండి.

మంచు అయిపోయి గడ్డి మొదలైన చోట దమయంతి కూర్చుని ఉంది. అతను నన్ను విప్పి ఆమె పక్కన పడేసి, బూటూ మేజోడూ తీసి, కాలు ఎండలో చాపి వెనక్కి వాలాడు. కళ్లు మూసుకున్నాడు. ఊపిరి ఇంకా కుదుటపడలేదు.

"ఓలే, ఒకపాలి వేళ్లట్టుకు సూడు. ఎండకి కొంచెం తెలుస్తన్నట్టున్నాది."

ఆమె బొటనవేలు పట్టుకుంది. నొక్కింది. గోటితో గిల్లింది. అతను కదల్లేదు. ఇంకా ఎదురుచూస్తున్నాడు. ఆమె మెల్లిగా చెయ్యి తీసేసి, పక్కనున్న నా మీద ఆనించింది. అరచెయ్యి బరువుగా ఉంది.

"ఆఁ," అన్నాడు అతను కళ్లు తెరవకుండానే. "ఇప్పుడు తెల్సింది. బొటనేలట్టుకున్నావు, అవునా?"

ఆమె చెయ్యి నా మీదే ఉంది.

"అవును మావా," అంది. "బొటనేలే."