ఆరో కాగితం

నలభైమందికి ఉప్మా అంటే రవ్వ నాలుగు వాయిలుగా వేయించాలి. మూకుడు చిన్నది. ఆదివారం ఉదయం ఏడింటికే అహల్య రెండో వాయి దింపి మూడోది పోసింది. పదింటికి యువజన సంఘం వార్షిక సభ. కొత్తగా పెట్టిన మహిళా విభాగానికి ఈసారి కన్వీనరును ఎన్నుకుంటారు. పోటీలో ఉన్నది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకామె, తాను నిలబడుతున్న సభకు తనే ఉప్మా వండుతోందన్న సంగతి భిలాయి సెక్టర్ 7లో ఎవరికీ వింతగా తోచలేదు. మొన్నమొన్నటిదాకా అహల్యకూ తోచలేదు.

"స్పీచి అయిపోనాదా?" గడ్డానికి సబ్బు రాసుకుంటూ గుమ్మంలోంచి అడిగాడు త్రినాథరావు.

"టేబుల్ మీద పెట్టాను."

మొగుడి స్పీచీలన్నీ రాసేది ఆమే. బొబ్బిలి దగ్గర్నుంచి వచ్చి రోలింగ్ మిల్లులో చేరిన త్రినాథరావుకు హిందీ అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. ఆమె భిలాయిలోనే పుట్టింది. ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో వచ్చిన ఫోర్‌మన్ కూతురు, హిందీ మీడియంలో మెట్రిక్ దాకా చదివింది. పెళ్లయిన కొత్తలో అతను గేటు మీటింగులో మాట్లాడబోయి, నవ్వులపాలై వచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదు. ఆమెకు జాలేసింది. మర్నాడు హిందీ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసి చేతిలో పెట్టింది. ఊపిరి తీసుకోవలసిన చోట ఒక నిలువు గీత, చప్పట్లకు ఆగవలసిన చోట రెండు గీతలు. ఆరేళ్లుగా అదే పద్ధతి. ఇప్పుడతను సంఘానికి కార్యదర్శి. "మావోడు హిందీ నీల్లు తాగినట్టు మాటాడతాడు" అని అత్తగారు అప్పలనర్సమ్మ ఊళ్లో చుట్టాలకు చెప్పుకుంటుంది. కోడలి గురించి చెప్పాల్సి వస్తే "నోట్లో నాలిక నేని పిల్ల" అంటుంది. అది మెచ్చుకోలే. ఆ నాలుక తన కొడుకు నోట్లో పని చేస్తోందని ఆవిడకెవరూ చెప్పలేదు.

పోయిన వేసవిలో కూలీలుండే ఖుర్సీపార్ బస్తీలో మూడు వీధులకూ కలిపి ఒక్కటే కుళాయి. బిందె నిండేదాకా నిలబడి, పనికి ఆలస్యమై, కాంట్రాక్టరు వెనక్కి పంపేస్తే ఏడుస్తూ ఇళ్లకొచ్చిన ఆడవాళ్లున్నారు. వాళ్లలో పైడమ్మ ఒకతె. అహల్య వాళ్లకు అర్జీ రాసిపెట్టింది. రాసి ఊరుకోకుండా వాళ్లతో కలిసి మూడుసార్లు ఆఫీసుకెళ్లి, కుర్చీ వేయని ఆఫీసరు ముందు నిలబడి మాట్లాడింది. రెండో కుళాయి వచ్చింది. తిప్పిన రోజున దండ త్రినాథరావు మెడలో పడింది. దండ పళ్లెం పట్టుకుని పక్కన నించున్నది అహల్య. అతని ఉపన్యాసంలో ఆమె 'మనం' అని రాసిన చోటల్లా అతను 'నేను' అని చదివాడు. ఇంటికొచ్చాక ఆ మాట అడగాలనుకుంది. "కూరలో ఉప్పు తక్కువైందే" అన్నాడతను. లేచి ఉప్పు తెచ్చింది.

ఆ పైడమ్మే ఈ నెల మొదట్లో పదిహేడు వేలిముద్రలున్న కాగితం పట్టుకుని వచ్చింది. "నీ పేరే ఇచ్చినాం దీదీ. ఆపీసోడితో మాటాడినది నువ్వు. మాకింకెవులూ తెల్దు" అంది. తీరా సంఘం గోడకు అంటించిన అభ్యర్థుల జాబితాలో 'శ్రీమతి త్రినాథరావు' అని రాశారు. ఎవరిచేతో చదివించుకుని పైడమ్మ మళ్లీ వచ్చింది. "ఈవిడెవులు? మేం ఏలు ఏసినది ఈవిడికి కాదు గదా."

రెండో అభ్యర్థి గౌరీదేవి, సంఘం అధ్యక్షుడు రాజగోపాల్ భార్య. శుక్రవారం రాజగోపాల్ ఇంటికొచ్చి అహల్య ఇచ్చిన టీ తాగుతూ చల్లగా చెప్పాడు. "పోటీలెందుకు చెల్లెమ్మా, ఏకగ్రీవమైతే సంఘానికి పేరు. నువ్వు తప్పుకున్నావని త్రినాథే సభలో చెప్తాడు. ఆడవాళ్లు నలుగురిలో నిలబడి చెప్పుకునే అవసరం మనం రానివ్వం." అది సంఘం ఆనవాయితీ. భార్య పోటీ విరమిస్తే ఆ కబురు భర్త చెప్తాడు. త్రినాథరావుకు రాయ్‌పూర్ కమిటీలో చోటిస్తామన్న మాట కూడా ఆ టీతోపాటే వచ్చింది. "ఒకింట్లో ఇద్దరికీ పదవులేటి? నీకేటి తక్కువ సేసినాను?" అన్నాడు త్రినాథరావు, రాజగోపాల్ వెళ్లాక. ఆమె గ్లాసులు తీసింది. నీ ఇష్టమేమిటని ఆ పూట ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. మర్నాడు కూరగాయల దగ్గర గౌరీదేవి ఆమె చెయ్యి పట్టుకుని, "నన్నూ అడగలేదు అహల్యా, నా పేరు ఆయనే రాసేశారు" అంది. ఇద్దరూ కాసేపు వంకాయలు ఏరుకున్నారు.

ఆ మధ్యాహ్నం త్రినాథరావు బి షిఫ్టుకు వెళ్లాక స్పీచి రాయడానికి కూర్చుంది. అయిదు కాగితాలు అలవాటుగా సాగిపోయాయి. ఆరోదానిలో ఆమె విరమణ రావాలి. నా భార్య తన ఇష్టపూర్వకంగా, అని హిందీలో, అతని నోటికి అందే తెలుగు అక్షరాల్లో రాసింది. పక్కన ఊపిరి గీత పెట్టబోయి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ అడగని తన ఇష్టాన్ని, మొగుడు తడబడకుండా చదవడానికి వీలుగా, తన చేత్తోనే రాసిపెడుతోంది. ఇంత సిగ్గు ఆ పళ్లెం పట్టుకున్న నాడు కూడా పడలేదు. ఒక కొంటె ఆలోచనా వచ్చింది. ఇక్కడ ఏం రాసినా అతను చదివేస్తాడు. నా భార్య తప్పుకోదని రాస్తే, వాక్యం చివరికొచ్చేదాకా అతనికి తెలియదు. నవ్వొచ్చింది కూడా. కానీ అప్పుడూ మాట్లాడేది అతని నోరే కదా. ఆ కాగితం చింపేసి ఇంకొకటి తీసుకుంది.

"అయిదే ఉన్నాయేటి?" త్రినాథరావు కాగితాలు లెక్కపెడుతూ వంటింట్లోకి వచ్చాడు. "ఆరోదేది?"

"నా దగ్గరుంది. అది నేను చదువుతాను."

అతనికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "రాజగోపాల్ భయ్యాకి మాటిచ్చీసినాను."

"మీరిచ్చారు. నేనివ్వలేదు."

"అందరి ముందూ నా పరువేటవుద్ది? ఓడిపోతే?"

గెలుస్తానన్న నమ్మకం ఆమెకూ లేదు. వేలిముద్రలు పదిహేడే. సాయంత్రానికి ఈ ఇంట్లో ఎలా ఉంటుందో తలుచుకుంటే భయంగానే ఉంది. "ఓడిపోతే ఓడిపోయానని కూడా నేనే చెప్తాను" అంది. గరిట మూకుట్లో పెట్టింది. "ఇంకో వాయి ఉంది. మాడకుండా వేయించండి. నేను పైడమ్మ వాళ్లతో కలిసి వెళ్తాను."

చెయ్యి కడుక్కుని, మడత పెట్టిన కాగితం తీసుకుంది. అతను ఆమె చేతిలోంచి అందుకుని విప్పాడు. నాగరి లిపి. స్టేషన్ బోర్డు చదివినట్టు ఒక్కో అక్షరమే కూడబలుక్కున్నాడు. మే... రా... నా... మ్... మూడో మాట దగ్గర ఆగాడు. అది అహల్య.

ఆమె కాగితం తిరిగి తీసుకుని చెప్పులేసుకుంది. ఆ కాగితంలో పైనుంచి కిందిదాకా ఊపిరి కోసం పెట్టిన గీత ఒక్కటి కూడా లేదు.