పూతరేకుల కుండకు సబ్బు

నేను ఒక పూతరేకుల కుండను. నీళ్ళ కుండను కాను, పూలకుండీని అసలే కాను. చూసినవాళ్ళంతా నోటికొచ్చిన పేరు పెట్టేస్తున్నారు గనక ముందే చెప్పి పెడుతున్నాను. నా మూతి నేలవైపు, అడుగు పైకి. పక్కనున్న కంతలోంచి ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. బియ్యం నానబెట్టి పల్చగా రుబ్బిన పిండిలో గుడ్డ ముంచి, కాలే నా వీపు మీద ఒక్కసారి లాగితే రేకు లేస్తుంది. దాంట్లో నెయ్యి, బెల్లం వేసి చుడితే మీరు లొట్టలేసుకుంటూ తింటారు. తినేటప్పుడు కుండ ఎవడికి గుర్తొస్తుంది లెండి.

గోదావరి గట్టు కింద ఊళ్ళో కుమ్మరి అప్పలకొండ నన్ను చేశాడు. పూతరేకులు తీసి బతికే వీరవేణి తెచ్చుకుంది. కొత్త కుండ మీద రేకు లేవదు, అతుక్కుపోతుంది. అందుకని ఆవిడ తొమ్మిది రోజులు సన్నమంట పెట్టి, నూనెగుడ్డతో తుడిచి, మళ్ళీ కాల్చి, మళ్ళీ తుడిచి నా వీపును నల్లగా, నున్నగా చేసింది. ఆ నలుపే నా చదువు, నా ఉద్యోగం, నా పరువు. ఆరేళ్ళుగా మేమిద్దరం తీసిన రేకులు ఊళ్ళోని పెద్ద మిఠాయి షాపుకు వెళ్ళాయి. ఆ షాపుకు రేకులిచ్చేది వీరవేణి ఒక్కతే. పెట్టె మీద మాత్రం యజమాని బొమ్మ, యజమాని పేరు. మీసాలు కూడా బాగానే అచ్చయ్యాయి.

మొన్న ఆశ్వయుజంలో సముద్రం ఒడ్డున మూడు రోజుల పంటల పండుగ పెట్టారు. చేలల్లో వరి ఇంకా పాలు పోసుకుంటూనే ఉంది. కోయని పంటకు పండుగేమిటని అడిగినవాడు లేడు. తీరం వెంట ఊరూరా ఆగి తినుకుంటూ పోయే యాత్ర బస్సు అక్కడ ఆగుతుందట, అదీ అసలు సంగతి. అందరి ముందు పూతరేకులు తీసి చూపించినవారికి ఆ ఒడ్డునే ఒక కొట్టు ఇస్తామని, పైన వాళ్ళ పేరే రాయిస్తామని నిర్వాహకులు చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి వీరవేణికి కాలు నిలవలేదు. నన్ను గడ్డిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తీసుకొచ్చింది.

ఆవిడ పిండి వడకట్టుకోవడానికి అటు వెళ్ళింది. అంతే, నా కొంప మునిగింది. మైకు పట్టుకు తిరిగే కిరీటి అనే వ్యాఖ్యాత నన్ను చూసి ముక్కు ముడిచాడు. కెమెరాలో మురికిగా పడుతుందన్నాడు. అక్కడ శుభ్రం చేసే దాసు తగుదునమ్మా అంటూ ముందుకొచ్చి, సబ్బూ పీచూ పెట్టి నా వీపు బరబరా తోమేశాడు. ఆరేళ్ళ నూనె, ఆరేళ్ళ పని ఇసకలోకి నురగై పోయింది. చెప్పుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

వీరవేణి వచ్చి చూసి, గిన్నె కింద పెట్టేసింది.

"మసి పట్టిపోయుందండీ. అద్దంలాగా తోమేసేనండి, ఆయ్," అన్నాడు దాసు, మెచ్చుకుంటుందనుకుని.

"రేకు లేవదండి ఇంక. మూడ్రోజులు కాల్చి నూని పట్టించాలండి," అందావిడ కిరీటితో.

"మీకున్నది పది నిమిషాలమ్మా. ఆఖరి రోజు వీలుంటే ఇంకోసారి చూద్దాంలే. ముందిది కానీండి."

కొట్టు దొరుకుతుందన్న ఆశతో ఆవిడ నా ముందు కూర్చుంది. మొదటి రేకు నాకు అతుక్కుపోయింది. రెండోది ముక్కలైంది. మూడోదానికి ఆవిడ వేళ్ళు కాలాయి. నేనేం చేయను, పట్టు వదలడానికి నా ఒంటి మీద నూనె చుక్క మిగల్చలేదు. "అమ్మగారికి చెయ్యి ఇంకా తిరగాలండోయ్," అని కిరీటి మైకులో అన్నాడు. జనం నవ్వారు. తోమించిన పెద్దమనిషే ఆ మాట అనడం చూడండి.

తర్వాత మిఠాయి షాపు యజమాని వేదికెక్కి పెట్టె విప్పాడు. రేకు తీసి చూపించమని ఆయన్నెవరూ అడగలేదు. కిరీటి ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు, పనితనమంటే ఇదీ అన్నాడు. ఆ రేకులు నా వీపు మీద పుట్టినవే. వీరవేణి నోరు తెరిచింది. యజమాని ఆవిడ వంక ఒక్క చూపు చూశాడు. రేపటి పని గుర్తొచ్చిందేమో, నోరు మూసుకుంది. చప్పట్ల మధ్య కొట్టు ఆయనకే ఇచ్చేశారు.

నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. చెప్పొచ్చుగా. నా ముందు ఆరేళ్ళు కబుర్లు చెప్పిన మనిషికి అక్కడ మాట ఎందుకు పడిపోయింది?

కానీ ఆవిడ ఇంటికి పోయి ఊరుకోలేదు. ఆఖరి రోజు చూద్దామన్న మాట పట్టుకుని, రోజూ పొద్దున్నే ఆటోలో వచ్చి డేరాల వెనక నన్ను కాల్చడం, తుడవడం, మళ్ళీ కాల్చడం. ఉప్పుగాలికి మంట నిలవక కళ్ళ నిండా పొగ. మూడో రోజు మధ్యాహ్నానికి నా వీపు మళ్ళీ నల్లబడింది. ఆవిడ చీర సర్దుకుని వేదిక దగ్గరికి వెళ్ళేసరికి కిరీటీ లేడు, బస్సూ లేదు. యాత్రవాళ్ళు బందరు లడ్డు తినడానికి ఉదయమే చక్కా పోయారు. ముగ్గురు కూలీలు డేరాల గుంజలు పీకుతున్నారు.

ఆవిడ వెనక్కి వచ్చి నా ముందు కూర్చుంది. తర్వాత కంతలోకి కొబ్బరాకులు తోసి, గుడ్డ ముంచి లాగింది. రేకు లేచింది. ఎక్కడా చిరుగు లేదు, దాంట్లోంచి అవతల సముద్రం కనిపిస్తోంది. నెయ్యి, బెల్లం వేసి చుట్టి, తలా ఒకటి కూలీలకిచ్చింది. వాళ్ళు నిలబడే తిన్నారు.

"ఏ షాపుదమ్మా ఇది?" అని వాళ్ళలో పెద్దాయన వేళ్ళు నాక్కుంటూ అడిగాడు.

"ఏ షాపుదీ కాదండి. నాది. నా పేరు వీరవేణి."

ఆ మాట మరొకరితో అనగా వినడం నాకు అదే మొదలు. గట్టిగానే అంది. మైకు అప్పటికే లారీ ఎక్కిపోయింది.