మెమోరియల్ పార్కు కొట్టు

ఉల్లిపాయల వల్లే కళ్ళు మండుతున్నాయని చెప్పుకోవచ్చు కాబట్టి, వాటిని తరిగే పని మార్లీస్ ఎవరికీ ఇవ్వలేదు. అమెరికా యుద్ధాల్లో పోయిన అయోవా రాష్ట్రపు కుర్రాళ్ళ పేరు మీద ఊరు కట్టుకున్న పార్కు అది. అక్కడ చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాతి మీద మొదటి పేరు ఎవరి ఇంటిదో, బేస్‌బాల్ మైదానం పక్కన తినుబండారాల కొట్టు ఆ ఇంటి ఆడవాళ్ళదే. జీతం లేదు, గౌరవం మాత్రం బోలెడు. "మనవాళ్ళు ప్రాణాలిచ్చారు, మనం హాట్‌డాగులు ఇవ్వలేమా?" అంటూ పెళ్ళైన ఏడాదే అత్తగారు ఆర్డిస్ తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. కాలేజీ జట్టులో మార్లీస్ బంతి విసిరేదన్న సంగతి అత్తగారు అడగలేదు, తనూ చెప్పలేదు.

అదంతా సరే, తన ఖర్మ అనుకుంది. కానీ నిరుడు కూతురు బ్రిన్ వచ్చి "అమ్మా, ఆడపిల్లల జట్టులో చేరనా?" అంటే, "శనివారాలు కొట్లో నాకు సాయం ఎవరే?" అనేసింది. అచ్చం అత్తగారి గొంతు. పిల్ల మళ్ళీ అడగలేదు. ఆ అడగకపోవడమే మార్లీస్‌ని లోలోపల తినేస్తోంది. తనని కట్టేసినవాళ్ళ మీదైతే కోపం తెచ్చుకోవచ్చు. తానే కట్టేసిన పిల్లకి ఏ మొహం చూపించాలి?

ఇవాళ మెమోరియల్ డే. చనిపోయినవాళ్ళ పేర్లు చదవడం అయ్యాక, మగపిల్లల జట్టుకి కోచ్ అయిన భర్త డ్వేన్ మైకు అందుకున్నాడు.

"మా అమ్మ తర్వాత మా ఆవిడ, ఇప్పుడు మా అమ్మాయి. మార్లీస్, తాళంచెవి దానికిచ్చెయ్. ఇక నీకూ కాస్త విశ్రాంతి."

జనం చప్పట్లు కొట్టారు. బ్రిన్ చెయ్యి చాపింది. మార్లీస్ గుప్పిట తెరవలేదు.

"ఇవ్వమ్మా, అందరూ చూస్తున్నారు."

"నీకు ఆడాలని లేదూ?"

"నాకు బంతి పట్టుకోవడం కూడా రాదుగా. వాళ్ళంతా ఏడాది నుంచి నేర్చుకుంటున్నారు. నాకు ఇదొక్కటే వచ్చు."

పిల్ల నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా అంది. మార్లీస్‌కి తల కొట్టేసినట్టయింది.

ఆమె నడిచి వెళ్ళి తాళంచెవి డ్వేన్ చేతిలో పెట్టింది. "మీ ఇంటి గౌరవం. ఇవాళ్టికి నువ్వు నిలబెట్టు."

"మరి ఇవాళ నా ఆట?" అన్నాడు డ్వేన్.

"ఏమో, నన్నెవరూ అడగలేదుగా ఆ మాట."

జట్టు సంచిలోంచి రెండు గ్లవ్స్, ఒక బంతి తీసుకుని, కూతుర్ని మైదానం అవతలి గడ్డిలోకి పిలుచుకెళ్ళింది. బంతి ఎలా పట్టుకోవాలో చూపించి, దూరంగా వెళ్ళి నిలబడింది.

"నా మీద కోపం ఉంటే గట్టిగా విసురు."

బ్రిన్ బంతిని బిగించి పట్టుకుంది. తర్వాత విసిరింది. బంతి గ్లవ్‌ని తప్పించుకుని నేరుగా మార్లీస్ భుజానికి తగిలింది. పిల్ల అయ్యో అనలేదు.

"ఇంకోటి," అంది మార్లీస్.